జీడితోట అంటుకుందట

మే 4

జీడిగింజలు కాలితే చప్పుడొస్తుందని ఇన్నేళ్లలో నాకు తెలియదు. టప్... టప్... పాలకుర్తిలో మేనకోడలి కొడుకు పుట్టెంట్రుకలు తీయించి ఆటో దిగేసరికి తోటంతా అదే చప్పుడు. కింద రాలి ఇంకా ఏరనివి. మామూలు పొగ కాదు, గింజల నూనె పొగ. కళ్లు వాచాయి. పెదవుల మీద పొక్కులు.

గట్టు అవతల సమ్మయ్య తన మడిలో వరిగడ్డికి నిప్పు పెట్టాడు. గాలి మా వైపు. అంతే.

మరిది అని, పక్క పొలం వాడని ఎన్ని ఓర్చుకున్నాను! గట్టు చెక్కాడు, ఓర్చుకున్నాను. మేకల్ని తోలాడు, ఓర్చుకున్నాను. ఇది మాత్రం నా వల్ల కాదు. పెన్ను కాగితాన్ని చింపుతోంది. ఏడుపు కాదు, కోపం.

మే 5

తెల్లారగానే వెళ్లాను. గట్టు పక్క వరసలు పూర్తిగా నలుపు. మధ్యలోవి ఒక పక్క కాలి, ఒక పక్క పచ్చగా. వెనకవాటికి సెగ తగిలింది, ఆకులు వక్క రంగులోకి తిరిగాయి.

పెళ్లయి వచ్చినప్పుడు ఆ ఎర్ర చెలకలో గడ్డపార దిగేది కాదు. చెరువు మట్టి తోలించాను. పశువుల ఎరువు మాగబెట్టి వేశాను. పిడికెడు యూరియా వేయలేదు, పురుగుమందు డబ్బా గట్టు దాటనివ్వలేదు. ప్రతి చెట్టు కింద గడ్డి, రాలిన ఆకు మందంగా పరిచాను. ఏప్రిల్ ఎండలో కూడా ఆ గడ్డి ఎత్తి చూస్తే నేల తడి. చేత్తో తీస్తే వానపాములు.

ఈరోజు బూడిదలో వేలు పెట్టాను. ఇంకా కాలుతోంది.

నాతో పాటు ఈ మట్టి మోసిన కొమురమ్మ పక్కనే కూర్చుంది. "కడుపుల వెట్టుకోకు బిడ్డా. జర వాన్ని తిట్టు, నోరార తిట్టు."

తిట్టాను. ఆమెకు కూడా కొత్తవి కొన్ని తెలిశాయి.

మే 6

వస్తున్నారు. చూసి పోతున్నారు. చావింటికి వచ్చినట్టు వచ్చి, నాకే నీతులు చెప్పి పోతున్నారు.

"గంత చెత్త ఏస్తే అంటుకోదా మరి?"

చెత్త! పదేళ్లుగా అదే మాట. నేను నేలకు కప్పింది వాళ్లకు చెత్త. సమ్మయ్య చేతిలో అగ్గిపెట్టె మాత్రం ఎవరికీ కనపడలేదు.

"పోనియ్యక్కా, బూడిద గూడ ఎరువే నాయె." ఇది చెప్పినామెను గట్టు దాకా సాగనంపి వచ్చాను, మర్యాదగా కాదు.

పొద్దుగూకే ముందు ఇంకొకతను. కాలిన కొమ్మలు పొయ్యిలోకి కొట్టుకోవచ్చా అని. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. సామెత అనుకునేదాన్ని ఇన్నాళ్లూ.

మే 7

పెద్దమనుషుల ముందు కూర్చోబెట్టారు. అందరి నోటా ఒకటే మాట — అంటుకున్నది. "తోట అంటుకున్నది, పాపం." "గాలికి అంటుకున్నది." "ఎండకాలం, అంటుకుంటది."

లేచి అడిగాను. "అంటుకున్నదా, ఎవలన్న అంటువెట్టిన్రా?"

సమ్మయ్య తన చెప్పుల వైపు చూస్తున్నాడు. నష్టం కింద ఏదో ఇప్పిస్తామన్నారు. నాకు పైసలు వద్దన్నాను. "అంటువెట్టిన అని చెప్పుమనుండ్రి. ఒక్క మాట. పది మందిల."

మా ఆయన నా మోచేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. "పోనియ్యవే. అంటుకున్నదేదో అంటుకున్నది. ఇంటోళ్లతోని లొల్లెందుకు?"

కట్టుకున్నవాడు కూడా అదే మాట! దారి పొడుగునా ఆయనకంటే ముందు నడిచాను. వంట చేశాను. ఉప్పు వేయలేదు, కావాలనే.

మే 9

ఇది రాయకుండా ఉండలేను. కాలిన ఆ గడ్డి నాది!

కోతకు ముందే అడిగాను. "కోసినంక మొత్తం తీస్కపో వదినె, నాకు దున్నుడు అల్కగైతది" అన్నాడు సమ్మయ్య నవ్వుతూ. ట్రాక్టర్ కూడా మాట్లాడాను. ఒక్క రోజు ఆగితే నేనే ఎత్తుకుపోయేదాన్ని, వాడి మడి అద్దంలా ఉండేది. నాకిస్తానన్న గడ్డితోనే నా తోట కాల్చాడు.

ఎందుకు ఆగలేదు? ఎంత ఆలోచించినా అర్థం కాదు. నా మీద పగా? నాకేం చేశాడో వాడికి తెలుసా అసలు?

మే 10

ఎవరితోనూ మాట్లాడలేదు. హాయిగా ఉంది.

మే 12

వ్యవసాయాధికారి వచ్చాడు, చిన్నవాడు. గోటితో బెరడు గీకి చూపించాడు. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, గోధుమ రంగుంటే పోయినట్టు. వానలు పడేదాకా ఏ చెట్టూ నరకొద్దన్నాడు. మొదలు నుంచి చిగురు రావచ్చు... రాకపోవచ్చు. కాలిన కాండానికి ఎండ దెబ్బ తగలకుండా ఆవు పేడ, ఎర్రమట్టి, కాస్త సున్నం కలిపి పూయమన్నాడు.

వెళ్తూ వెళ్తూ, "గట్టు పొడుగునా కొంత జాగ గడ్డి లేకుండా దున్ని ఉంచుండ్రి మేడం, మంట ఆడ్నే ఆగుతది" అన్నాడు.

చేతులు కాలాక ఆకులు. మంచి మాటే, ఒప్పుకుంటాను. కానీ మళ్లీ నేనే చేయాలి. కాల్చేవాడికి ఎవరూ ఏమీ చెప్పరు.

మే 15

ఆయన సంగతి రాయాలి.

వర్ధన్నపేటలో మోటార్ వైండింగ్ షాపు పొద్దున్న తెరవడం లేదు. తెల్లారకముందే తోటకు వస్తున్నాడు. బోరు నుంచి బిందెలతో నీళ్లు మోస్తున్నాడు. పేడ కలుపుతున్నాడు, కాండాలకు పూస్తున్నాడు. పదేళ్లలో ఒక్కసారి పేడ ముట్టిన మనిషి కాదు. "నీ పెంట నువ్వే పిసుక్కో, నాకు రాగితీగె చాలు" అని నవ్వేవాడు. నేను గడ్డి మోపు ఎత్తుకుని వస్తుంటే చూసి, "నడుము పడిపోతదే, ఎవల కోసం ఈ చాకిరి?" అని విసుక్కునేవాడు.

ఇప్పుడు విసుగు లేదు, నవ్వు లేదు. అడగకుండానే వస్తున్నాడు. నడుం పట్టుకుని లేస్తున్నాడు, మళ్లీ వంగుతున్నాడు.

ఇంత కోపంలోనూ ఆయన మీద ప్రేమ పొంగింది. ఈరోజు కూరలో ఉప్పు సరిగ్గా వేశాను.

మే 18

చెట్ల కింద మళ్లీ పరచాలి. ఉత్త నేల ఎండకు పెంకులా అవుతోంది. గడ్డి కోసం తిరిగాను. ఎక్కడుంది? అందరూ కాల్చేశారు. ఇంకా మిగిలిన మళ్లు కాలుస్తున్నారు. సాయంత్రం ఖమ్మం రోడ్డు మీద రెండు పక్కలా పొగ, బండ్లు లైట్లేసుకుని పోతున్నాయి. బంగారం లాంటి గడ్డి! నేల తినాల్సిన తిండి. ఒక్కొక్కడినీ ఆపి చెంప పగలగొట్టాలనిపించింది. ఎవడికీ దుక్కి దున్నే దాకా ఓపిక లేదు.

కొమురమ్మ వీధులు తిరిగి ఆకు పోగేసి గోనెసంచుల్లో తెచ్చింది. అది వెనక వరసకే చాలదు.

అన్నం తింటూ ఆయన అడిగాడు. "మల్ల పరుస్తవా?"

"పరుస్త."

చేయి కడుక్కున్నాడు, పళ్లెంలో అన్నం మిగిలుండగానే.

మే 21

గీకి చూశాను. మధ్య వరసలో పచ్చ. దాని పక్క చెట్టు — గోధుమ. ఇంకోటి గీకడానికి ధైర్యం చాలలేదు.

మే 24

మధ్యాహ్నం ట్రాక్టర్ చప్పుడు. సమ్మయ్య. ఎక్కడినుంచి తెచ్చాడో, ట్రక్కు నిండా గడ్డి. గట్టు మీద దింపబోతుంటే అడ్డం నిలబడ్డాను.

"ఎత్తుకపో. నీ గడ్డి నాకు వద్దు. నేనడిగింది మాట."

ఇంజన్ ఆపేశాడు. దిగి గట్టు మీద కూలబడ్డాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"అంటువెట్టిన వదినె. నేనే అంటువెట్టిన. గాలి సూస్కోలే."

ఈ మాట కోసం ఎన్ని రోజులు! పది మందిలో కాకపోయినా చెవిన పడింది. ఏదో ఒకటి చల్లారుతుందనుకున్నాను. చల్లారక ముందే వాడు మళ్లీ నోరు తెరిచాడు.

"గని నేను నిన్ను కాదని వెట్టలే. పొద్దుగాల అన్నకు ఫోన్ జేసిన. వదినె గడ్డి తీస్కపోతదా, కాల్చాల్నా అని. 'ఇంక ఎంత చెత్త మోస్తదిరా, దాని నడుము పడిపోతాంది. కాల్చెయ్, నేను చెప్పుకుంట' అన్నడు. తోట అంటుకున్నంక మల్ల ఫోన్ జేసిండు. 'నా పేరు చెప్పకురా' అన్నడు. అందరు నన్నే అనవట్టిరి. ఎన్ని దినాలని ఈ నింద మొయ్యాలె వదినె?"

గడ్డి దింపి వెళ్లిపోయాడు. నేను ఆపలేదు.

నడుము కోసమట. నా నడుము కోసం!

తోట కాల్చమనలేదు, నాకు తెలుసు. గడ్డే కాల్చమన్నాడు. నాకు కాస్త సుఖం కావాలనే అనుకున్నాడేమో. అది తెలిసే కొద్దీ ఒళ్లు మండుతోంది. నా పనికి, నా గడ్డికి, నన్నడగకుండా సెలవిచ్చాడు. తర్వాత పది మందిలో నా మోచేయి పట్టుకుని కూర్చోబెట్టాడు! సమ్మయ్య తన చెప్పుల వైపు చూశాడు. ఈయన నా మొహంలోకి చూసి అంటుకున్నదని చెప్పాడు.

సాయంత్రం ఆయన వచ్చాడు. గట్టు మీద గడ్డి చూసి, "ఎవలు తెచ్చిన్రు?" అన్నాడు.

"సమ్మయ్య."

ఇంకేమైనా అన్నాడా అని అడగలేదు. బోరు దగ్గరికి స్నానానికి వెళ్లాడు.

మే 25

పొద్దున్న నాకంటే ముందే ఉన్నాడు. గోచీ బిగించి, గట్టు పక్క వరసలో, పూర్తిగా నల్లబడ్డ చెట్టు దగ్గర. ఆ చెట్టు బతకదని ఇద్దరికీ తెలుసు. అయినా పూస్తున్నాడు.

ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. తనే చెబుతాడని కాసేపు చూశాను. చెబితే తిడతాను, ఏడుస్తాను, ఎప్పటికో మరిచిపోతాను కూడా. చెప్పాలి కదా.

"నిజం చెప్పు. ఎట్ల అంటుకున్నది?"

చేయి ఆగింది. పేడ కారుతోంది మోచేతి దాకా.

"గాలికే. ఎన్నిసార్లు అడుగుతవ్?"

మళ్లీ పూయడం మొదలుపెట్టాడు. ఎంత మెత్తగా పూస్తున్నాడో, పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు. ఆ చేతిని విరగ్గొట్టాలనిపించింది. ఆ చేతినే పట్టుకుని ఏడవాలనిపించింది.

సున్నం ఇటియ్యమన్నాడు.

ఇచ్చాను.