నాలుగు భుజాలూ సమానమైతే

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ అందరం ప్రాణాలతో ఉన్నాం. క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. మరదలూ పాపా నా గదిలోనే పడుకుంటున్నారు. నీ ఇంటికి ఇప్పుడు తలుపు లేదు.

నువ్వు అడిగినవాటికి జవాబు చెబుతాను. 'చతురస్రానికి నాలుగు భుజాలూ సమానమని చెప్పాను, అందులో తప్పేముంది?' అని రాశావు. ఆ మాట నిజమే. కానీ నువ్వు దాన్ని నిర్వచనమని నల్లబల్ల మీద రాశావు. నిర్వచనమన్నాక వెనక్కి తిప్పి చదివినా నిలబడాలి. చతురస్రమైతే నాలుగు భుజాలూ సమానం, సరే. నాలుగు భుజాలూ సమానమైతే చతురస్రమేనా? పక్కకు వాలిన రాంబస్‌కూ సమానమే. కోణాలు కూడా లంబకోణాలైతేనే చతురస్రం అవుతుంది. అది నువ్వు వదిలేశావు. నీ తరగతిలో ఆ పిల్ల వాలిన బొమ్మ గీసి చూపించింది. తరగతి నవ్వింది నిన్ను చూసి. నువ్వు నల్లబల్ల మీద వాడే పెద్ద వృత్తలేఖిని ఎత్తి దాని ముఖాన విసిరావు. ఇనుప మొన కంట్లో దిగింది. దాన్ని ప్రమాదమని రాశావు. చెయ్యి జారితే ప్రమాదం. నీది జారలేదు.

'మంచి మేష్టారంటే పిల్లలకు భయం ఉంటుంది, నేనంటే ఉంది' అని కూడా రాశావు. భయపెట్టినవాళ్ళంతా మంచి మేష్టార్లయితే మన సందు చివరి కుక్కకూ జీతమివ్వాలి.

ఇక తలుపు సంగతి. ఆ పిల్ల తండ్రికి మాంసం కొట్టుంది. పొద్దున్నే తన తమ్ముణ్ణి వెంటేసుకుని వచ్చి, కొట్టులో కత్తితోనే తలుపు నరికాడు. మరదల్ని జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చారు. నేను పరుగెత్తి వెళ్ళేసరికి ఆమె నోటి నిండా రక్తం, ముందు పన్ను లేదు. మధ్యలో నిలబడితే కత్తి నా మెడకు ఆనించాడు.

"ఎక్కడ దాచావమ్మా వాణ్ణి?"

"చెప్పను."

"మెడ తెగినా చెప్పవా?"

"తెగాక ఎలాగూ చెప్పలేను కదయ్యా."

అతని తమ్ముడికి నవ్వొచ్చింది. వాడి చెంప అతనే పగలగొట్టాడు. ఆ ఊపుకి నా మెడ మీద చర్మం కాస్త తెగింది. కుట్లు పడలేదులే.

"కన్నుకి కన్నేనమ్మా. దొరికిన రోజు రెండూ పీకేస్తాను."

"ముందు నన్ను పిల్లను చూడనివ్వు," అన్నాను. ఎందుకో కాదనలేదు.

ఆసుపత్రిలో సగం ముఖానికి కట్టు. నేనూ లెక్కల టీచర్నేనని తల్లి పిల్లకు చెప్పింది.

"టీచరుగారూ, సారు చెప్పినట్టే గీశానండి. స్కేలు పెట్టి నాలుగూ కొలిచాను. నా బొమ్మ తప్పా?"

"నీది తప్పు కాదమ్మా. సారు చెప్పిందే చాలలేదు."

"ఆ ముక్క మీ వాణ్ణొచ్చి చెప్పమనండి," అంది తల్లి. ఆ కంటికి చూపు ఇక రాదట.

ఇంతసేపూ రాయలేకపోయిన మాట ఇది. పోలీసు అధికారి వరండాలో ఉన్నాడు. ఆయన అడగలేదు, నేనే వెళ్ళి నువ్వున్న ఊరూ, గదీ చెప్పేశాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో పిల్ల తండ్రి. విన్నాడు. గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పోలీసులేమో కాగితాలు రావాలి, రేపు బయల్దేరతాం అంటున్నారు.

ఫోను ఆపేసుకున్నావు. అందుకని మీ వైపు వచ్చే లారీ డ్రైవరుకి ఈ ఉత్తరమిచ్చి పంపుతున్నాను. చదివిన వెంటనే దగ్గర్లోని స్టేషనుకు నీ కాళ్ళతో నువ్వే వెళ్ళు. అతనికంటే ముందు వెళ్ళు. ఏం చెప్పావో, ఏం వదిలేశావో, ఏం విసిరావో అక్కడ చెప్పు.

నువ్వు బతకాలని దేవుణ్ణి అడిగాను. తప్పించుకోవాలని అడగలేదు.

ఇట్లు,
నిన్ను చంకనేసుకుని పెంచిన
అక్క