మట్టి మిద్దెకు ధర రాదంట

ఏమయ్యా, నువ్వు చదవవని తెలిసే చెబుతున్నాను. పక్కింటి టీచరమ్మ రాస్తోంది.

నువ్వు పోయాక, వానకు కారకుండా మిద్దె మీద చవుడు మట్టి పోసే దిక్కులేక ఇల్లు అమ్ముదామనుకున్నాను. నిన్న చిలకలూరిపేట నుంచి ఒక పత్తి వ్యాపారి మిట్టమధ్యాహ్నం ఎండలో చూడ్డానికి వచ్చాడు. మజ్జిగ ఇచ్చి నడింట్లో కూర్చోబెడితే, ఫ్యాను లేకుండానే గుర్రుపెట్టి నిద్రపోయాడు. పొద్దువాలాక లేచి కప్పు వంక చూశాడు.

"మట్టి మిద్దెకు ధర రాదు పెద్దమ్మా. కూలగొట్టి స్లాబు ఏసుకోవాల్సిందే."

నాకు ఒళ్లు మండింది. రేకుల కింద పిల్లలు ఉడికిపోతున్నారని నువ్వు రేకులు పీకించి, నాపరాళ్లు పరిపించి, చవుడు మోసి పోసిన కప్పు అది.

"ఒరేయ్, స్లాబు కింద నీకీ నిద్ర పట్టుద్దా?"

"ఫ్యాను పెట్టుకుంటాలే పెద్దమ్మా."

"కరెంటు పోతే మీ నాయన విసురుతాడా? చల్లదనానికి ధర లేదంటివి, మరి పొద్దువాలేదాకా నా ఇంట్లో ఎందుకు పొణుకున్నావు? లే, నడువు!"

ఇల్లు అమ్మనని చెప్పి పంపేశాను. వానలు పడకముందే చవుడు పోయాలి, రేపే బండి వస్తుంది. ఇన్నేళ్లూ నువ్వు ఎక్కితే నిచ్చెన నేను పట్టుకున్నాను. ఈసారి టీచరమ్మ పట్టుకుంటుంది, ఎక్కేది నేను.