కంప్యూటరుకు దొరికిన నీ వేలు

సుగుణ వాళ్ళ తాతకు,

నీ మనవరాలు రీసెర్చికి చేరేముందు కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటోంది. సాధనకని, నువ్వు మన బావిలో తాడు దించి మూరల్లో రాసిపెట్టిన నోటుబుక్కులన్నీ అందులోకి ఎక్కించింది. పక్క బావికి భూగర్భజలాల ఆఫీసువాళ్ళు మీటర్లలో తీసిన కొలతలతో పోల్చి, నీ మూర ఎంత పొడవో కంప్యూటరు చెప్పేసింది.

"అవ్వా, ఒక ఎండాకాలం నుంచి తాత మూర అంగుళం తగ్గిపోయిండాది. తప్పు కొలిచినాడేమో!"

మోటారు బెల్టులో పడి నీ నడిమి వేలి కొన తెగింది ఆ ఎండాకాలమే. సుగుణ పుట్టకముందు మాట, తనకెవరూ చెప్పలేదు. తను ఆ మాట అన్నప్పటినుంచి ఆ కంప్యూటరు పెట్టెలోంచి నువ్వే చూస్తున్నట్టుంది.

"ఇంకోటి చూడవ్వా. తాత పోయేముందు ఆరు నెలలు పక్క బావి ఎండిపోతాంటే, మన బావిలో నీళ్ళు పెరిగినాయంట! ఇట్లే పెట్టుకుంటే నా లెక్కంతా తప్పైపోతాది."

రెండు రోజులు ఆగాను. ఈ పొద్దున చెప్పేశాను.

"ఆ ఆరు నెలలవి తీసేయమ్మా. తాత మంచంలో ఉండె. కొలిచింది నేను."

నువ్వు అడిగిన ప్రతిసారీ నీళ్ళు ఒక మూర పైకొచ్చాయన్నాను. నువ్వు రాసుకుని, నెమ్మదిగా కళ్ళు మూసుకునేవాడివి.

అప్పటికే మన బావిలో నీళ్ళు లేవయ్యా.