అసలు కొలత

అమ్మకు,

నేను, నీ పిట్టని, రాస్తున్నాను. ఇక్కడ అందరం కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గిందని, జోళ్ళ కొట్టు మెట్లు మునుపటిలా ఎక్కుతున్నావని చదివాక మనసు కుదుటపడింది.

ఉత్తరంలో రెండు ప్రశ్నలు వేశావు. పాదం బొమ్మ ఎందుకలా తప్పుగా వస్తోంది? ఎనిమిది నెలలుగా ఇంటి మొహం ఎందుకు చూడలేదు? రెండోదానికి జవాబు రాయడం అంత తేలిక కాదు. అందుకే ముందు మొదటిదాని సంగతి తేలుస్తాను.

నీ కొట్టు కోసం నేను రాసిన ప్రోగ్రామ్‌కి పని ఒక్కటే. దూరాన ఉన్నవాళ్ళ పాదాన్ని అసలు కొలతలో కాగితం మీద వేయాలి, నువ్వు దాన్ని తోలు మీద పరిచి కత్తిరించాలి. మొదట నా పాదమే పెట్టి చూశాను. కంప్యూటర్ తెరకి అంగుళానికి తొంభై ఆరు చుక్కలు కదా అని ఆ లెక్కనే పేజీ గీయించాను. మా ఆఫీసు ప్రింటరేమో అంగుళానికి ఆరువందల చుక్కలు పెడుతుంది. చుక్కలన్నీ ఇరుకున సర్దుకునేసరికి నా పాదం బొటనవేలంత కూడా రాలేదు. అదే నీకు పంపితే “ఇది మా పిట్టదా, చీమదా?” అని రాశావు.

సరేనని కోడ్‌లో ఆరువందలు అని రాసేశాను. నీ కొట్టులోని ముసలి ప్రింటరుది మూడువందలేనని నాకేం తెలుసు? అక్కడ పాదం రెట్టింపై కాగితం దాటిపోయింది. “ఈసారి ఏనుక్కి కుట్టమంటావా?” అన్నావు. పడీ పడీ నవ్వాను, వెంటనే ఏడ్చాను. నీ గొంతు పక్కనే వినబడినట్టయింది.

ఇప్పుడు పేజీ గీసే ముందు ప్రోగ్రామ్ ఆ ప్రింటరునే అడుగుతుంది, అంగుళానికి నీకెన్ని చుక్కలని. అడక్కుండా నేనే అనేసుకోవడం, అక్కడే వచ్చింది చిక్కంతా.

నీ విషయంలోనూ అదే చేశాను. నువ్వు తట్టుకోలేవని నేనే అనుకున్నాను. కిందటిసారి మూడో నెలలోనే చెప్పాను. ఆ వారమే బుల్లి జోళ్ళు కుట్టి పంపావు. అవి అందే రోజుకి కడుపులో ఏమీ మిగల్లేదు. ఆ డబ్బా ఇప్పటికీ బీరువా పై అరలోనే ఉంది. అందుకే ఈసారి నీకు చెప్పలేదు. ప్రయాణాలు వద్దని డాక్టరు కూడా గట్టిగా చెప్పింది. ఏడున్నర నెలలకే పుట్టేసిందమ్మా. నెలరోజులు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంది. “అత్తయ్యకి చెప్పవే” అని మీ అల్లుడు పోరుతూనే ఉన్నారు. ఫోన్ తీసేదాన్ని, నీ నంబరు నొక్కకుండానే పెట్టేసేదాన్ని. ఆ అద్దం ముందు నిలబడి నువ్వు పక్కనుంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. మొన్న సోమవారం ఇంటికి తెచ్చుకున్నాం. పాలు బాగా తాగుతోంది. ఏడిస్తే కింది వాటావాళ్ళు తలుపు తీసి చూస్తున్నారు.

నా మీద కోపం వస్తే నాలుగు తిట్టు, పడతాను.

ఇందులో ఒక కాగితం మడిచి పెట్టాను. కింద పది సెంటీమీటర్ల గీత ఉంది. ముందు దానిమీద నీ టేపు పెట్టి చూడు, సరిగ్గా పది ఉంటుంది. ఆ తర్వాత పైనున్న పాదం కొలువు. ఆరున్నర. మళ్ళీ చిన్నగా వేశానని అనుకోకు, అది నీ మనవరాలి అసలు కొలతే. కానీ దాన్ని పట్టుకుని జోళ్ళు కుట్టొద్దు. నువ్వొచ్చేసరికి ఎలాగూ పెరుగుతుంది. ఆ కాలు నీ అరచేతిలో పెట్టుకుని కొలత నువ్వే తీసుకుందువుగాని, రా అమ్మా.

ఇట్లు,
నీ పిట్ట, దాని పిల్ల