కిటికీలో కొండ

అన్నయ్యకి,

ముందే చెబుతున్నా, ఎక్కడా సంతకం పెట్టలేదు. మూడు రోజులుగా పొగమంచు కమ్మేసి, అమ్మ చూడాలనుకున్న మంచుకొండ కనబడనేలేదు. ఏం తోచక, నువ్వు వద్దన్న ఆ హోటల్ వాళ్ళ మీటింగుకి అమ్మా నేనూ వెళ్ళాం. ఇప్పుడు డబ్బు కడితే ఏటా ఒక వారం గది మనదేనంటూ సేల్స్‌మన్ రెండు గంటలు చెవినిల్లు కట్టుకుని పోరాడు. నేను మెత్తబడి పెన్ను తీశాను.

"ఇక్కణ్ణుంచి చూస్తే ఎదురుగా కొండేనండీ" అంటూ అతను అలవాటుగా తెర లాగాడు.

పొగమంచు విడిపోయి ఉంది. సగం ఆకాశం దాకా తెల్లటి కొండ!

"నిజంగానే ఉందండీ!" అన్నాడతను. ఉద్యోగంలో చేరి నెలైనా తనూ చూడలేదట.

ముగ్గురం అలాగే నిలబడిపోయాం. మళ్ళీ పొగమంచు మూసేశాక కూడా అతను సంతకం మాటే ఎత్తలేదు. "మీ చలవ వల్ల నేనూ చూశానమ్మా" అంటూ గేటు దాకా వచ్చాడు.

అప్పట్నుంచీ అమ్మ మా గది కిటికీ దగ్గరే కూర్చుని, కొండ కనబడిన వైపే చూస్తోంది. కంగారుపడకు, బాగానే ఉంది.

నీ చెల్లి