అన్నా అని అరిచిన ఆట

ఆదివారం, రాత్రి

ఈరోజు కోరుట్ల బస్టాండులో మా పాత బాస్కెట్‌బాల్ జట్టులోని రవీందరన్న కనిపించాడు. కుడికాలు ఇప్పటికీ కాస్త ఈడుస్తూనే నడుస్తున్నాడు.

చిన్నప్పుడు సిరిసిల్లలో ఆడిన మ్యాచ్‌లో దెబ్బ తగిలింది ఆ కాలికే. అంతవరకూ ఒక్క మ్యాచ్ కూడా ఆడని నన్ను ఆయన బదులు దించారు. చెమటతో తడిసిన జెర్సీ విప్పి ఆయనే నాకు తొడిగాడు. మోకాళ్ల దాకా వచ్చింది!

దిగగానే బాల్ కోసం కెప్టెన్‌ని "అన్నా! అన్నా!" అని గొంతు చించుకున్నాను. మైదానం గీత పక్కన బందోబస్తుకు కూర్చున్న పోలీసాయన తుపాకీతో దిగ్గున లేచాడు. ఆ రోజుల్లో అన్నలంటే అడవిలో ఉన్న నక్సలైట్లే మరి. ఆట ఆగిపోయింది.

"సార్, పోరడు బాల్ అడుగుతుండు, గంతే," అన్నాడు రవీందరన్న, బెంచీ మీంచే. తర్వాత నాతో, "పేరు పెట్టి పిలువురా, గీడ అన్నా అనకు," అన్నాడు.

పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. మూగగానే ఆడాను. బాల్ ఒక్కసారీ చేతికి రాలేదు.

ఇవాళ బస్టాండులో మళ్లీ "అన్నా!" అని అరిచాను. పక్కనే చాయ్ తాగుతున్న కానిస్టేబుళ్లు తలైనా ఎత్తలేదు. రవీందరన్న మాత్రం ఆగి, ముందు వాళ్లవైపు చూసి, ఆ తర్వాతే నావైపు తిరిగాడు.