అమ్మ వైపు సీటు

అన్నయ్యకి,

"ప్రియమైన" అని రాసి కొట్టేశాను. కొట్టేశాక మళ్ళీ మనసొప్పలేదు గనక అది ఉన్నట్టే అనుకో. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు నన్నొక మాట పూర్తి చేయనివ్వవు, నేను నిన్ను అసలు మొదలే పెట్టనివ్వను. అందుకే కాగితం తీసుకున్నాను. మీ బావ చూసి, "అన్నాచెల్లెళ్ళు ఉత్తరాలు రాసుకునేదాకా వచ్చిందా" అని నవ్వబోయి, నా మొహం చూసి పెన్ను అందించి వెళ్ళాడు.

మొన్న కార్ల షోకి నేను మామూలు గొడవకే సిద్ధపడి వచ్చాను. ఏటా ఉన్నదేగా. మైదానానికి ఒక పక్క మీ ఒరిజినల్ వాళ్ళు, కారు కంపెనీలోంచి ఎలా దిగిందో అలాగే ఉండాలి, ఒక్క బోల్టు మారినా మహాపాపం అనేవాళ్ళు. రెండో పక్క మేము, కారంటే మనకి నచ్చినట్టు మార్చుకోవాలనేవాళ్ళం. వానొస్తే మీ వాళ్ళు గొడుగు కారుకి పట్టి తాము తడుస్తారని నేను ఆడిపోసుకుంటాను. నేలకి ఆనేలా దించిన మా కార్లు స్పీడ్ బ్రేకర్ కనబడగానే వెనక్కి తిరిగి ఇంటికి పోతాయని నువ్వంటావు. మా వాళ్ళలో మాత్రం ఒకరికొకరికి పడుతుందా? కారు కిందికి దించాలనేవాడికీ, పెద్ద టైర్లేసి పైకెత్తాలనేవాడికీ మాటల్లేవు. సైలెన్సర్ మోత ఎంతుండాలన్న దగ్గర పోయినేడు ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు. అవన్నీ మనకి సరదా. సాయంత్రమయ్యేసరికి మనిద్దరం ఒకే బండి మీద, ఇంకా తిట్టుకుంటూనే, ఇంటికొచ్చేవాళ్ళం.

ఈసారి మీ వైపు నాన్న కారు నిలబెట్టి ఉంది. ఇంజను పని అని చెప్పి నువ్వు మీ ఇంటికి తీసుకెళ్ళిన కారు. దూరం నుంచి చూసి ముచ్చటపడ్డాను కూడా. అద్దంలా మెరుస్తోంది. దగ్గరికొచ్చి అమ్మ వైపు కిటికీలోంచి లోపలికి చూశాను. తలుపు పైన పిడి లేదు. అమ్మ పట్టుకుని లేవడానికని నాన్న ఇనప పైపు వంచి, చెయ్యి జారకుండా సైకిల్ ట్యూబు చుట్టిన పిడి. మంగలి కుర్చీ అడుగుభాగం తెచ్చి బిగించిన తిరిగే సీటు లేదు. దాని చోట ఎక్కడో పాత కారులోంచి తెచ్చిన ఒరిజినల్ సీటు, కొత్త పెళ్ళికూతురిలా తలొంచుకుని కూర్చుంది. పిడికి కొట్టిన రంధ్రాలు కూడా పూడ్చేశావు. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకున్న మీ జడ్జిగారు తలుపు తీసి, "చూడండి, ఈ కారు మీద ఇంకొకరి చెయ్యి పడ్డ గుర్తే లేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వెళ్ళి కప్పు తీసుకున్నావు.

ఆ సీటు నేను వెల్డింగ్ చేశానన్న సంగతి నీకు తెలుసు. నా జన్మలో మొదటి వెల్డింగ్ అది. నాన్న లేత్ మిషన్ మీద కింది ఇనప ప్లేటు తీసిచ్చి, "నువ్వే అతికించు, నేను పక్కన నిలబడతాను" అన్నాడు. అమ్మని మనం ఎత్తి కూర్చోబెట్టి అటూ ఇటూ తిప్పితే, "నన్ను మంగలి షాపులో కూర్చోబెట్టారేవిటే, గడ్డం గీస్తారా" అని ఎంత నవ్విందో. ఇవాళ నేను నలుగురి కార్లు విప్పి బిగించి బతుకుతున్నానంటే అక్కణ్ణుంచే. అమ్మ పోయాక ఆమె చీరలు వదిన పంచిపెట్టింది, మంచం ఎవరో అడిగితే ఇచ్చాం, నేనేమీ అనలేదు. నాకు ఆ సీటుందిగా అనుకున్నాను.

కారు షో నుంచి తిరిగొచ్చి ఇప్పుడు మా ఇంటి కింద షెడ్డులో ఉంది. నాన్న రోజూ దిగి వెళ్ళి అమ్మ వైపు కూర్చుంటున్నాడు. స్టీరింగ్ వైపు కాదు, అమ్మ వైపు. టీ తాగుదువు గాని రా నాన్నా అంటే, "కాసేపు కూర్చుంటాలే, నువ్వెళ్ళు" అంటాడు. ఆయన ఆమెని వెతుక్కుంటున్నాడని నాకనిపిస్తోంది. దొరకనివ్వకుండా చేసింది నువ్వు.

నేనొకటి నిశ్చయించుకున్నాను. అవన్నీ మళ్ళీ ఉన్నచోట బిగిస్తాను. నీ కప్పు, నీ క్లబ్బు ఏమైనా కానీ. ఆ సీటు ఎక్కడుందో చెప్పు. పాత ఇనుముకి వేశానని మాత్రం రాయకు. అలా రాస్తే ఈ ఇంటి గుమ్మం తొక్కకు.

ఇప్పటికింకా
నీ చెల్లెలు

* * *

చెల్లాయ్,

నీ ఉత్తరం షాపులోనే చదివాను. ఎదురుగా ఒకాయన గోడ మీది అక్షరాలు చూస్తూ, కింది లైను కనబడటం లేదండీ అంటున్నాడు. నాకప్పుడు పై లైను కూడా కనబడటం లేదు. కళ్ళద్దాలు అమ్ముకునేవాడి బతుకు ఇలా ఉంది. ఆయన్ని రేపు రమ్మని పంపేసి రాస్తున్నాను.

నీకు చెప్పనని ఒకరికి మాటిచ్చాను. ఇన్నాళ్ళూ నువ్వు తిడుతుంటే పడ్డాను, ఇంకొన్నాళ్ళు పడేవాణ్ణే. కానీ అవన్నీ మళ్ళీ బిగిస్తానని రాశావు చూడు, అందుకని చెప్పక తప్పడం లేదు.

అవి తీయించింది నాన్న.

అమ్మ పోయిన కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం షాపుకొచ్చాడు. కళ్ళు పరీక్ష చేసే కుర్చీలో కూర్చున్నాడు. అద్దాలు మార్చాలేమోనని నేను దీపం వెయ్యబోతే వద్దన్నాడు. "కారు మొదట్లో ఎలా ఉండేదో అలా చేసిపెడతావురా? నీకు వచ్చుగా ఆ పని" అన్నాడు. సంతోషంగా సరేనన్నాను. "అమ్మ వైపు కూడా" అన్నాడు.

ఒట్టు, నేను వద్దన్నానే. ఒరిజినల్ పిచ్చోడని నువ్వు ఊరంతా చాటే నేనే, "అది ఒక్కటీ ఉంచుదాం నాన్నా, క్లబ్బు వాళ్ళు ఏమన్నా అననీ" అని బతిమాలాను. ఆయన గోడ మీది అక్షరాలకేసి చూస్తూ మొదలుపెట్టాడు. "పిడి పెట్టింది ఎప్పుడురా? మీ అమ్మకి మోకాళ్ళు పోయినప్పుడు. సీటు ఎత్తు చేసింది నడుము పోయినప్పుడు. తిరిగే కుర్చీ పెట్టేసరికి కాళ్ళు పూర్తిగా పోయాయి. తలుపు తీస్తే నాకు మనిషి కనబడటం లేదురా, జబ్బు కనబడుతోంది. పెళ్ళైన కొత్తలో చెంగున ఎక్కి కూర్చుని తలుపు దభీమని వేసేది. తలుపు ఊడొస్తుందే, మెల్లిగా అని రోజూ కసిరేవాణ్ణి. నాకు ఆ కారు కావాలి." అంతే చెప్పాడు.

చెల్లికి చెబుదాం నాన్నా అన్నాను. దానికేమన్నాడో విను. "అది పిల్ల చేతి మొదటి పని. దాన్ని తీసెయ్ అని దానికి ఏ నోటితో చెప్పను? నువ్వు తీసేశావంటే దానికి కోపమొస్తుంది, తిడుతుంది, అంతే. మీ ఇద్దరికీ కార్ల దగ్గర పోట్లాట మామూలే. నేను తీయించానంటే కుమిలిపోతుంది." మన సరదా గొడవ చూశావా, ఆయన దాన్ని ఎలా వాడుకున్నాడో.

సీటు విప్పే రోజు పానా నా చేతిలోనే ఉంది. నా వల్ల కాలేదు. ఆయనే నా చేతిలోంచి తీసుకుని నేల మీద చతికిలబడి ఒక్కొక్క బోల్టూ విప్పాడు. చివరిది ఎంతకీ రాలేదు. "ఎంత గట్టిగా చేసిందిరా పిల్ల" అని దాని మీద చెయ్యి వేసుకుని అలాగే ఉండిపోయాడు. నీ అతుకు జోలికి మేం పోలేదు, కింది బోల్టులే తీశాం. షోలో పెట్టమన్నదీ ఆయనే, పదిమందీ ఆ కారుని అలా చూడాలని. జడ్జి ఆ మాట అన్నప్పుడు నీ వైపు చూడలేకపోయాను. నువ్వు ఎదురుగా నిలబడి ఉన్నావు. కప్పు తీసుకోకుండా దిగిపోతే కారణం అడుగుతారని తీసుకున్నాను. దాన్ని ఇంట్లో ఎవరం చూడటం లేదు.

సీటు పాత ఇనుముకి ఇచ్చెయ్యమన్నాడు నాన్న. ఇవ్వలేదు. మీ వదిన దుప్పట్లో చుట్టి లోపలి గదిలో పెట్టింది. నువ్వు కావాలంటే నేనే తెస్తాను, నా చేతుల్తోనే బిగిస్తాను, క్లబ్బులోంచి వెళ్ళగొట్టినా సరే. కానీ ఇప్పుడు నీకు తెలుసు. ఏం చేయాలో నువ్వే చెప్పు.

ఎన్ని తిట్టినా
నీ అన్నయ్య

* * *

మా మంచి అన్నయ్యకి,

ఈసారి కొట్టివేతల్లేవు. చూసుకో.

నీ ఉత్తరం చదివాక నీ మీద కోపం పోయి నాన్న మీదికి మళ్ళింది. నాకు చెప్పొచ్చుగా, నేనేమన్నా చిన్నపిల్లనా అని ఒక పూటంతా గిన్నెలు విసిరాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది. నాకు ఊహ తెలిసేసరికే అమ్మ కాళ్ళు మొదలైపోయాయి. చెంగున ఎక్కి తలుపు దభీమని వేసే అమ్మని నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసిన అమ్మ, నా మెడ చుట్టూ చేతులేసి లేచే అమ్మే. నాకు ఆ సీటే అమ్మ. మీకు వేరే అమ్మ ఉంది, నాకంటే ముందు. ఆవిడ మీద నాకు అసూయ కూడా వేసింది, నవ్వకు.

ఆదివారం నాన్నని, "అలా తిరిగొద్దామా" అని అడిగాను. తెలిసిందని చెప్పలేదు, చెప్పను కూడా. ఆయన అమ్మ వైపు కూర్చున్నాడు, నేను నడిపాను. పెద్ద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "మీ అమ్మ ఇక్కడికి రాగానే ఈ అద్దం తన వైపు తిప్పుకుని తల దువ్వుకునేది. వెనకాల ఏమొస్తోందో నాకు కనబడి చచ్చేది కాదు" అన్నాడు. అని నవ్వాడు. అమ్మ పోయాక ఆయన నవ్వడం వినలేదు నేను. దారంతా చెబుతూనే ఉన్నాడు. చెప్పులు విప్పి ముందరి పెద్ద అద్దానికి కాళ్ళు ఆనించేదిట. పాట తప్పు పాడి, తప్పు నీదే అనేదిట. ఆ సీటులో కూర్చున్న ఆవిణ్ణి నాకు పరిచయం చేస్తున్నట్టే ఉంది. నువ్వు చేసింది మంచి పనేరా అన్నయ్యా. నా చేత్తో రాసి నేనే ఒప్పుకుంటున్నాను, దాచిపెట్టుకో.

అసలు సంగతి ఇంటికొచ్చాక. నేను దిగి చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆయన తలుపు తీసుకుని కూర్చునే ఉన్నాడు. ఒక కాలు కిందపెట్టి, చెయ్యి పైకెత్తి దేనికోసమో తడుముకుంటున్నాడు. అక్కడేమీ లేదు. నన్ను చూడగానే చెయ్యి దించేసి, "కాసేపు కూర్చుంటాలే, నువ్వెళ్ళు" అన్నాడు.

అన్నయ్యా, ఆయన ఇన్నాళ్ళూ అందుకే కూర్చుంటున్నాడు. అమ్మ కోసం వెళ్తున్నాడు, నిజమే. కానీ లేవలేక ఉండిపోతున్నాడు. ఆ ఒరిజినల్ సీటు మరీ కిందికి. నేను మెట్ల మలుపులో ఆగి చూశాను. ఎవరూ లేరనుకున్నాక తలుపు పట్టుకుని, నేల మీద మోకాళ్ళూని దిగాడు. పంచెకి అంటిన మట్టి దులుపుకుని ఏమీ జరగనట్టు పైకొచ్చాడు.

నాకు మొదట తట్టింది ఏమిటో నీకు వేరే చెప్పాలా? పైపు ముక్క, రెండు బోల్టులు, అరపూట పని. ఆయన నిద్రపోతుంటే కిందికెళ్ళి తలుపు పైన తడిమాను కూడా. నువ్వు పూడ్చిన చోటు వేలికైనా తెలియలేదు. అక్కడే నిలబడి ఏడ్చాను. నేను పిడి పెడితే ఆయన తలుపు తియ్యగానే ఏం చూస్తాడు? తర్వాత సీటు ఎత్తు చేస్తారు, ఆ తర్వాత మంగలి కుర్చీ వస్తుంది. ఆ వరసంతా ఆయనకి కంఠతా వచ్చు. ఇన్నేళ్ళలో కారుని అలాగే వదిలెయ్యాలని నాకు అనిపించడం ఇదే మొదటిసారి.

మర్నాడు దిగే వేళకి వెళ్ళి, "నాన్నా, నాకు నడుం పట్టేసింది, కాస్త చెయ్యందుకో" అని ఆయన మీదికి వంగాను. నన్ను పట్టుకోవాలని లేచాడు పాపం. ఆ ఊపులో నేనే ఆయన్ని లేపాను. "ఆ వెల్డింగ్ పని మానెయ్యవే, నీ నడుం ఏమైపోతోందో చూడు" అని మెట్లెక్కేదాకా చీవాట్లు పెట్టాడు. మూడు రోజులు గడిచాయి అలా. రోజూ నడుం పట్టేస్తే నమ్మడు. పైగా నా ఒక్కదాని బలం చాలడం లేదు, మనిషి బరువెక్కుతున్నాడు.

సీటు దుప్పట్లోనే ఉండనీ. ఆయన అడిగిన రోజు తీద్దాం. అడగకపోతే ఎప్పటికీ తియ్యొద్దు.

నువ్వు మాత్రం పని అయిపోగానే రోజూ ఇటు రా. వచ్చి షెడ్డులో కారు పక్కన నిలబడి నాతో పోట్లాడు. దించాలా, ఎత్తాలా, బోల్టు మార్చొచ్చా, కూడదా, ఏదో ఒకటి. ఆయన కారులో కూర్చుని వింటాడు. బాగా పెద్దగా అరుచుకున్నాక, "నువ్వే చెప్పు నాన్నా" అని నువ్వొక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుని లాగుదాం. మనల్ని విడదీయడానికి లేచాననుకుంటాడు. రేపు సైలెన్సర్ గురించి మొదలుపెట్టు, అది ఇప్పట్లో తేలేది కాదు.

నీ
చెల్లి